డ్రమ్స్ వెనక నుంచి వచ్చిన గొంతు

గత నెల ఈ పేజీలో, మార్చి 2 అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్ పుట్టినరోజు అని, ఆమె డ్రమ్స్ కూడా వాయించేదని రెండే రెండు వాక్యాలు రాసి వేరే సంగతిలోకి వెళ్లిపోయాను. వాటికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకని ఈసారి పేజీ అంతా ఆమెకే. వేరే ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

*ప్రశ్న: టీచర్ గారూ, మా తాతయ్య క్యాసెట్ల పెట్టెలో ‘కార్పెంటర్స్’ అని ఒక క్యాసెట్ దొరికింది. అట్ట మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్నారు. భార్యాభర్తలా? గ్రూపంటే ఈ ఇద్దరేనా? – డిగ్రీ విద్యార్థి, తెనాలి*

భార్యాభర్తలు కాదు నాయనా, అన్నాచెల్లెళ్లు. అమెరికాలోనూ మొదట్లో చాలామంది అలాగే పొరబడ్డారు. అన్న రిచర్డ్ 1946లో, చెల్లెలు కారెన్ 1950లో, ఇద్దరూ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టారు. రిచర్డ్‌కి చిన్నప్పటి నుంచీ పియానోయే లోకం. పిల్లాడు సంగీతంలో పైకి రావాలంటే రికార్డింగ్ కంపెనీలున్న చోట ఉండాలని తల్లిదండ్రులు 1963లో కాపురాన్ని కాలిఫోర్నియాకి మార్చారు. లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న డౌనీ అనే ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ ఇంట్లో సంగీతం అంటే కొడుకు సంగతి. కూతురు అప్పటికి బేస్‌బాల్ ఆడుకునే పిల్ల.

1966లో హాలీవుడ్ బౌల్‌లో కుర్ర బ్యాండ్ల పోటీ జరిగితే అన్నాచెల్లెళ్లు ఇంకో స్నేహితుడితో కలిసి వెళ్లి గెలిచారు. రిచర్డ్ పియానో, కారెన్ డ్రమ్స్, ఆ స్నేహితుడు ట్యూబా, బేస్. కారెన్‌కి అప్పుడు 16 ఏళ్లు. ఆ తర్వాత కాలేజీ స్నేహితులతో ‘స్పెక్ట్రమ్’ అని ఒక గ్రూపు పెట్టారు. అది నిలవలేదు. చివరికి 1969 ఏప్రిల్‌లో ఎ అండ్ ఎం అనే రికార్డు కంపెనీ వాళ్లని తీసుకుంది. కంపెనీ యజమానుల్లో ఒకరైన హెర్బ్ ఆల్‌పర్ట్ స్వయంగా ట్రంపెట్ విద్వాంసుడు, టేపు విని నచ్చి పిలిపించాడు. కారెన్‌కి 19 ఏళ్లే కాబట్టి తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది.

స్టేజీ మీద వాయించడానికి ఇంకా నలుగురైదుగురు ఉండేవాళ్లు. కానీ పేరు ఈ ఇద్దరిదే. రికార్డుల్లో నీకు వెనకాల వినిపించే కోరస్ కూడా ఈ ఇద్దరి గొంతులే. ఒక్కో భాగాన్నీ ఇద్దరూ మళ్లీ మళ్లీ పాడి, టేపు మీద ఒకదాని మీద ఒకటి పేర్చారు. క్యాసెట్ పెట్టినప్పుడు ఆ కోరస్ దగ్గర జాగ్రత్తగా విను, గదినిండా మనుషులున్నట్టు ఉంటుంది.

అన్నట్టు, ఇన్నేళ్ల తర్వాత ఆ క్యాసెట్‌ని తీసిన వెంటనే ప్లేయర్‌లో పెట్టొద్దు. రంధ్రంలో పెన్సిల్ పెట్టి టేపు బిగువుగా అయ్యేదాకా తిప్పు. తర్వాత ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరికి పాట లేకుండా తిప్పి, అప్పుడు విను. టేపు తెగదు.

*ప్రశ్న: మేడం, నేను ఆరేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాను. కచేరీకి వెళ్తే ‘పాడతావా అమ్మా’ అనే అడుగుతారు. కారెన్ డ్రమ్స్ వాయించేదని రాశారు. ఫొటోల కోసం కూర్చునేదా, నిజంగా వాయించేదా? – ఇంటర్ విద్యార్థిని, విజయవాడ*

నిజంగా వాయించేది తల్లీ. ఇంత వివరంగా జవాబు రాయాలని నాకు కోరిక పుట్టింది నీ ఉత్తరం చూశాకే.

డౌనీ హైస్కూల్‌లో ఆటల పీరియడ్ తప్పించుకోవడానికి కారెన్ స్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో చేరింది. చేతికి గ్లోకెన్‌స్పీల్ ఇచ్చారు. సన్నని ఇనప పట్టీల మీద సుత్తితో కొట్టి వాయించే వాద్యం అది. మెడకి తగిలించుకుని నడవాలి. ఆమెకి అది ససేమిరా నచ్చలేదు. పక్కనే ఒక కుర్రాడు డ్రమ్స్ వాయిస్తుంటే ఆమె కళ్లన్నీ అటే. నేను కూడా వాయించగలను అనుకుంది. ఇంటికెళ్లి వంటింట్లో ఉన్న ఎత్తు స్టూళ్లు వరసగా పెట్టుకుని, చైనా వాళ్లు అన్నం తినే పుల్లలు రెండు తీసుకుని వాటి మీద సాధన మొదలుపెట్టింది. పక్కన రికార్డు తిరుగుతూ ఉండేది. డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ అనే జాజ్ బృందం వాళ్ల రికార్డులు. ఆ బృందంలో డ్రమ్మర్ జో మొరెల్లో అంటే ఆమెకి ప్రాణం.

నీకు ఈ పేరు ఎందుకు చెప్తున్నానంటే, ఆ బృందం వాళ్ల ‘టేక్ ఫైవ్’ అనే వాద్యగీతం అయిదు లెక్కల్లో నడుస్తుంది. నువ్వు ఖండ చాపు వాయించి ఉంటావు కాబట్టి ఒక్కసారి వింటే పట్టేస్తావు. మనం రెండూ మూడుగా వేస్తాం, వాళ్లు మూడూ రెండుగా వేశారు. నాలుగు లెక్కల పాటలే ఊళ్లన్నీ మోగుతున్న రోజుల్లో, పద్నాలుగేళ్ల ఆడపిల్ల స్టూళ్ల మీద అలాంటి లెక్కలు వాయించడానికి కూర్చుంది. అది సరదా కాదు, సాధన. అప్పుడు తల్లిదండ్రులు కనికరించి లుడ్‌విగ్ కంపెనీ డ్రమ్స్ సెట్ కొనిచ్చారు.

1969లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ మొత్తం కారెనే వాయించింది. తర్వాత హిట్లు రావడం మొదలయ్యాక రికార్డింగుల్లో ఎక్కువగా హాల్ బ్లేన్ వాయించాడు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో ఆ రోజుల్లో అతన్ని మించిన పేరు లేదు. సరే, స్టూడియోలో అనుభవం ఉన్నవాడు వాయించాడనుకుందాం. నాకు మనసు కష్టపెట్టేది స్టేజీ సంగతి. ఆమె చేసేది రెండు పనులు, వాయిస్తూ పాడటం. చేతులూ కాళ్లూ నాలుగు దారుల్లో పోతుంటే గొంతు అయిదో దారిలో నిలకడగా సాగాలి. మృదంగం వాయిస్తూ ఒక కీర్తన పాడి చూడు, ఎంత కష్టమో నీకే తెలుస్తుంది. కానీ జనానికి పాడే అమ్మాయి మొహం కనపడటం లేదన్నారు. విమర్శకులు అన్నారు, మేనేజర్లు అన్నారు. ముందుకొచ్చి మైకు పట్టుకుని నిలబడమన్నారు. ఆమెకి ఇష్టం లేదు. తనని తాను పాట కూడా పాడే డ్రమ్మర్‌ని అనుకునేదే గానీ గాయని అనుకోలేదు. అయినా రానురానూ ముందుకి రావాల్సి వచ్చింది. కచేరీల్లో చాలావరకు ఆ స్టూలు మీద వేరేవాళ్లు కూర్చున్నారు.

ఆ డ్రమ్స్ ఆమెకి వాద్యం మాత్రమే కాదు, ఒక చాటు కూడా. ఆ చాటు తీసేశాక అందరి కళ్లూ ఆమె ఒంటి మీద పడ్డాయి. కింద ఇంకో ఉత్తరానికి రాసిన జవాబు కూడా చదువు, ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది.

1975లో ఒక అమెరికన్ పత్రిక పాఠకులు ఓట్లు వేసి ఆమెని ఆ ఏటి మేటి డ్రమ్మర్‌గా ఎన్నుకున్నారు. 1976లో ఏబీసీ టీవీలో వాళ్ల మొదటి ప్రత్యేక కార్యక్రమం వచ్చింది. అందులో కారెన్ ఒక సెట్ దగ్గర నుంచి ఇంకో సెట్ దగ్గరకి పరుగెత్తుతూ వరసగా వాయిస్తుంది. యూట్యూబ్‌లో దొరుకుతుంది. పుల్లలు పట్టుకున్న ఆ మొహం చూడు. ఏ పాట పాడేటప్పుడూ ఆమె మొహంలో అంత ఆనందం నేను చూడలేదు.

ఈసారి కచేరీలో ‘పాడతావా అమ్మా’ అని ఎవరైనా అడిగితే, మృదంగం ముందు పెట్టుకుని శ్రుతి చూసుకో. వేరే జవాబు అక్కర్లేదు.

*ప్రశ్న: నా గొంతు మరీ కిందకి ఉంటుంది. పైకి వెళ్తే జీర వస్తుంది. సంగీతం క్లాసులో ‘మగగొంతు’ అంటారు. సాధన చేస్తే గొంతు పైకి వస్తుందా? – గృహిణి, ఖమ్మం*

నాకు పదమూడేళ్లప్పుడు నన్నూ అదే మాట అన్నారు. ఆ సంగతి చెప్తాను.

మేము సికింద్రాబాద్ మెట్టుగూడలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా పక్క క్వార్టర్ ఆంగ్లో ఇండియన్ కుటుంబానిది. ఆ ఇంటి ఆంటీ నాకు పియానోలో తొలి పాఠాలు చెప్పింది. నేను మాత్రం రోజూ సాయంత్రం కర్ణాటక సంగీతం క్లాసుకి కూడా వెళ్లేదాన్ని. అక్కడ ఆడపిల్లలందరికీ అయిదున్నర శ్రుతి. నా గొంతు నాలుగు దగ్గరే ఆగిపోయేది. తారస్థాయి షడ్జమం అందుకోబోతే కీచుమనేది. ఒకరోజు క్లాసులో అందరి ముందూ ఆ మాట పడింది. నేను ఏడుస్తూ ఇంటికి రాకుండా నేరుగా ఆంటీ వాళ్ల గుమ్మంలో కూర్చున్నాను.

ఆంటీ ఏమీ అడగలేదు. ముదురు గోధుమరంగు అట్టలోంచి ఒక ఎల్పీ తీసింది. వెల్వెట్ ముక్కతో మెల్లగా గుండ్రంగా తుడిచి, సూది దించింది. కాసేపు చిటపటలు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, నేను దాక్కుంటున్న ఆ కింది స్వరాల్లోనే, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా. అది 1969 నుంచి 1973 దాకా వచ్చిన కార్పెంటర్స్ హిట్ల రికార్డు. అలా నాకు కారెన్ పరిచయం.

ఆమెది పాశ్చాత్య సంగీతంలో కాంట్రాల్టో అనే గొంతు. ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికన్నా కిందిది. పైకి పాడలేక కింద పాడటం కాదు. పై స్వరాలూ ఉన్నాయి, కోరస్‌లో పై భాగాలు పాడినప్పుడు వింటాం. కానీ కింది స్వరాల్లో ఉన్న ఆ నిండుతనం రిచర్డ్ ముందే గుర్తుపట్టాడు. ప్రతి పాటకీ శ్రుతి ఆ గొంతుకి తగ్గట్టు కిందకి పెట్టేవాడు. కారెన్ కూడా ఆ మాటే అనేది, డబ్బంతా నేలమాళిగలోనే ఉందని.

ఇంకో సంగతి మైకు. ఆమె మైకుకి చాలా దగ్గరగా, గొంతు పెంచకుండా పాడుతుంది. మంద్రస్థాయిలో గట్టిగా పాడితే బరువే తప్ప తీపి ఉండదు. ఆమె అక్కడ మెత్తగా పాడేది, మాట మాత్రం ఒక్కటి కూడా మింగదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పంక్తికీ పంక్తికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. ‘సూపర్‌స్టార్’ అనే పాట వినండి. 1971లో వచ్చింది. స్టూడియోలో వాద్యకారులకి దారి చూపడానికని ఆమె మొదటిసారి పాడిన పాటే చివరికి రికార్డులో ఉంచేశారు. రిచర్డ్ పేపర్ న్యాప్‌కిన్ మీద రాసిచ్చిన మాటలు చూసి చదువుతూ పాడిందట. ఇంకా పాట బాగా రానప్పుడు పాడింది అది. ఎవరో దూరమైన మనిషి కోసం ఎదురుచూసే ఒంటరితనం ఆ పాట. మొదటి పంక్తి నేల మీద నుంచి లేచినట్టు మొదలవుతుంది. నేను ఇప్పటికి ఎన్ని వందలసార్లు విన్నానో, ఆ మొదటి పంక్తి దగ్గర చేతిలో పని ఆగిపోతుంది.

మీ ప్రశ్నకి వస్తాను. సాధన చేస్తే గొంతు రెండు మూడు స్వరాలు పైకి సాగుతుంది, నిజమే. కానీ దాని ఇల్లు మారదు. ముందు శ్రుతి నాలుగుకో నాలుగున్నరకో దించుకోండి. తెల్లవారుజామున మంద్రసాధన చెయ్యండి, షడ్జమం నుంచి కిందకి పంచమం దాకా, ఒక్కో స్వరం మీద ఊపిరి ఉన్నంతసేపు. ఆరు నెలలు చేసి నాకు మళ్లీ రాయండి. జీర రావడం మందు వేసినట్టు ఇట్టే తగ్గిపోదు. ఎక్కువగా వస్తుంటే మాత్రం గొంతు డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

*ప్రశ్న: వాళ్లకి నంబర్ వన్ పాటలు ఎన్ని? గ్రామీలు ఎన్ని? – పాఠకుడు, కాకినాడ*

అమెరికా ప్రధాన చార్టులో మొదటి స్థానానికి వెళ్లినవి మూడు. 1970లో ‘క్లోజ్ టు యూ’ నాలుగు వారాలు అక్కడే ఉంది. 1973లో ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’, 1975లో ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’. రెండో స్థానంలో ఆగినవి ఇంకో అయిదు. గ్రామీలు మూడు. 

ఆ రెండో స్థానం వాటిలో ‘వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్’ కథ మీకు నచ్చుతుంది. అది మొదట కాలిఫోర్నియాలో ఒక బ్యాంకు టీవీ ప్రకటన. కొత్తగా పెళ్లయిన జంట, వెనకాల ఒక చిన్న పాట. రిచర్డ్ టీవీలో అది చూసి, పాడిన గొంతు తమ కంపెనీలోనే పాటలు రాసే పాల్ విలియమ్స్‌దని గుర్తుపట్టాడు. దీనికి మిగతా పాట ఉందా అని వెళ్లి అడిగాడు. అమెరికాలో ఆ తర్వాత ఆ పాట లేకుండా పెళ్లి జరగనంతగా అయిపోయింది.

*ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. లావుగా ఉన్నానని రెండు నెలలుగా సరిగ్గా తినడం లేదు. కారెన్ అందం కోసం తిండి మానేసి చనిపోయిందని విన్నాను. ఆ కథ చెప్పి భయపెడితే దారికొస్తుందా? – ఒక తల్లి, హనుమకొండ*

భయపెట్టకండమ్మా. దయచేసి భయపెట్టకండి.

‘అందం కోసం తిండి మానేసింది’ అనే మాట కారెన్ విషయంలో నలభై ఏళ్లకి పైగా వింటున్నాను. అది తప్పు మాట. ఆమెది అనోరెక్సియా నెర్వోసా అనే జబ్బు. మనసులో మొదలై ఒంటిని తినేసే జబ్బు. అద్దంలో ఎముకలు కనపడుతున్నా లావుగానే ఉన్నానని మనసు చెప్తూ ఉంటుంది. ‘తినమ్మా’ అంటే తినగలిగే పరిస్థితి కాదు. జ్వరం వచ్చినవాళ్లని జ్వరం మానెయ్యమన్నట్టే ఉంటుంది అది.

ఆమె హైస్కూల్ అయిపోతున్న రోజుల్లో ఒక డాక్టర్ సలహాతో డైటింగ్ చేసింది. అది అక్కడితో ఆగింది. స్టేజీ ముందుకి వచ్చాక, ఫొటోలూ పత్రికల రాతలూ పెరిగాక మళ్లీ మొదలైంది, ఈసారి ఆగలేదు. 1975లో ఒంట్లో శక్తి బాగా తగ్గిపోయింది. విదేశీ కచేరీలు రద్దయ్యాయి. ఆమె బరువు ఎంతకి పడిపోయిందో అంకెలు అన్ని చోట్లా ఉన్నాయి, నేను ఇక్కడ రాయను. ఈ జబ్బున్న పిల్లలు ఆ అంకెలని గురిగా పెట్టుకుంటారు. మీ అమ్మాయి కూడా ఈ పత్రిక చదువుతుంది కదా.

స్నేహితులతో హోటల్‌కి వెళ్తే కారెన్ బాగానే ఆర్డర్ ఇచ్చేదట. తర్వాత ‘ఇది చాలా బాగుంది, రుచి చూడు’ అంటూ ఒక్కొక్కరి ప్లేట్‌లో కాస్త కాస్త వేసేది. అందరూ తిని లేచేసరికి ఆమె ప్లేట్ ఖాళీ. ఆమె నోట్లోకి వెళ్లింది ఏమీ లేదు.

ఇది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. నేను సంగీతం చెప్పిన బడిలో ఒక పిల్ల ఉండేది, కోరస్‌లో మొదటి వరస. మధ్యాహ్నం స్టీలు డబ్బా మూత తీసి పులిహోర అంతా చుట్టూ ఉన్న పిల్లలకి చెంచాతో పంచేది. ఎంత మంచి మనసో అని నేను అందరి ముందూ మెచ్చుకున్నాను. రెండుసార్లు మెచ్చుకున్నాను. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకొస్తే జలుబేమో అనుకున్నాను. ఒకరోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు. ఆ తల్లిదండ్రులు ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్ట్ దగ్గరకి తీసుకెళ్లారు. ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఆ పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి, పండక్కి ఫోన్ చేస్తుంది.

కారెన్ కాలంలో ఈ జబ్బు పేరు కూడా చాలామంది డాక్టర్లకి సరిగ్గా తెలియదు. 1982లో ఆమె న్యూయార్క్‌లో ఉండిపోయి వైద్యం చేయించుకుంది, కొన్ని వారాలు ఆసుపత్రిలో కూడా ఉంది. బరువు పెరిగి ఇంటికొచ్చింది. అందరూ గండం గడిచిందనుకున్నారు. కానీ ఏళ్ల తరబడి జరిగిన నష్టం గుండెలో అలాగే ఉంది. 1983 ఫిబ్రవరి 4 ఉదయం డౌనీలో అమ్మానాన్నల ఇంట్లో కుప్పకూలిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లినా దక్కలేదు. ఇంకో నెలలో 33 నిండేవి. ఆమె పోయాకే ప్రపంచంలో చాలా ఇళ్లలో ఈ జబ్బు పేరు మొదటిసారి వినపడింది.

మీరు చెయ్యాల్సింది చెప్తాను. అందరితో కలిసి తినడం తప్పించుకుంటోందా, తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్తోందా, వదులు బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటోందా, చలిగా ఉందంటోందా, నెలసరి ఆగిందా, గమనించండి. బరువు గురించి, లావూ సన్నం గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు, చుట్టాల్ని కూడా అననివ్వొద్దు. ‘నువ్వు తినడం లేదు’ అని కాకుండా ‘నీకు ఏదో కష్టంగా ఉన్నట్టుంది, నేనున్నాను’ అని పక్కన కూర్చోండి. రెండు నెలలైందన్నారు, కాబట్టి ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. ఒంటికి ఒక డాక్టర్, మనసుకి సైకియాట్రిస్ట్, ఇద్దరూ కావాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఎదురుచూస్తాను.

*ప్రశ్న: ఆమె పెళ్లి గురించి రాయండి. – పాఠకురాలు, నెల్లూరు*

1980 ఆగస్టులో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారిని చేసుకుంది. ఏడాది కొద్దిగా దాటిందో లేదో విడిపోయారు. పిల్లలు లేరు. పిల్లల కోసం ఆమె ఎంతో ఆశపడింది. ఇంతకన్నా రాయడం నాకు ఇష్టం లేదండీ.

*ప్రశ్న: కారెన్ అన్న లేకుండా ఒంటరిగా ఆల్బమ్ చేసిందా? దాన్ని ఎందుకు దాచేశారు? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్*

చేసింది. 1979లో రిచర్డ్ నిద్రమాత్రలకి అలవాటుపడి చికిత్స కోసం వెళ్లాడు. ఖాళీగా కూర్చోలేక కారెన్ న్యూయార్క్ వెళ్లి ఫిల్ రామోన్ అనే పేరున్న ప్రొడ్యూసర్‌తో పని మొదలుపెట్టింది. వాయించింది గాయకుడు బిల్లీ జోయెల్ బృందంలోని వాళ్లు. ఖర్చులో ఎక్కువ భాగం ఆమె సొంత డబ్బు. డిస్కో లయలు, ఆమె గొంతులో ముందెప్పుడూ వినని చిలిపితనం. 1980లో పూర్తిచేసి కంపెనీ పెద్దలకీ అన్నకీ వినిపించింది. వాళ్లకి నచ్చలేదు. విడుదల ఆపేశారు. ఆమె ఎదురు చెప్పకుండా కాలిఫోర్నియాకి వెళ్లి అన్నతో తర్వాతి ఆల్బమ్ మొదలుపెట్టింది. ఈ ఆల్బమ్ బయటికి వచ్చింది 1996లో, ఆమె పోయిన 13 ఏళ్లకి.

అది గొప్ప ఆల్బమా అంటే, అన్ని పాటలూ కాదు. కొన్నిట్లో గొంతుని మరీ పైకి తీసుకెళ్లారు, నేలమాళిగని వదిలేశారు. రిచర్డ్‌కి ఉన్న చెవి అక్కడ లోటుగా తెలుస్తుంది. అతన్ని విలన్‌ని చేసి మాట్లాడేవాళ్లతో నేను కలవను. ఆ గొంతుకి తగిన ఇల్లు కట్టింది అతనే. కానీ 30 ఏళ్ల మనిషి, పదేళ్లుగా కంపెనీని నిలబెట్టిన మనిషి, తన డబ్బుతో తన ఇష్టంతో చేసుకున్న పాటల్ని జనం ముందు పెట్టనివ్వాల్సింది. బాగుందో లేదో జనం చెప్పేవాళ్లు. ఆమె జీవితంలో తనంతట తాను ఎంచుకున్నవి రెండే అనిపిస్తుంది నాకు, ఆ డ్రమ్స్, ఈ ఆల్బమ్. రెండూ చేతిలోంచి తీసేసుకున్నారు.

*ప్రశ్న: నాకు 71 ఏళ్లు, రైల్వేలో చేసి రిటైరయ్యాను. భార్య పోయి రెండేళ్లు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. మీరు రాశాక మనవడు ఈ అమ్మాయి పాటలు ఫోన్‌లో పెట్టిచ్చాడు. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాదు, కానీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ‘ఐ నీడ్ టు బి ఇన్ లవ్’లో ఆమె ఏమంటోంది? – కాజీపేట*

నమస్కారం బాబాయి గారూ. మా నాన్న కూడా రైల్వేనే, అందుకని ఆ పిలుపు వచ్చేసింది.

అది 1976లో వచ్చిన పాట. సంగీతంలో రిచర్డ్ చెయ్యి ఉంది. తమ పాటలన్నిట్లో కారెన్‌కి అన్నిటికన్నా ఇష్టమైనది ఇదేనని రిచర్డ్ తర్వాత చెప్పాడు. అప్పట్లో అంత పెద్ద హిట్ కాలేదు. జపాన్‌లో మాత్రం 1995లో ఒక టీవీ సీరియల్‌కి వాడితే, కొత్త తరం పిల్లలు కూడా లక్షల్లో కొన్నారు.

అందులో ఆమె చెప్పేది ఇది. లోపాలున్న ఈ లోకంలో ఏ లోపమూ లేని మనిషి కోసం వెతికాను, అదే నా తెలివితక్కువతనం అంటుంది. ప్రేమించాల్సింది, కాలం చాలా వృథా చేశాను అంటుంది. చివర్లో, తెల్లవారుజామున నాలుగింటికి మెలకువగా ఉన్నాను, పక్కన పలకరించే తోడు లేదు, ఒక చిన్న ఆశ పట్టుకుని వేలాడుతున్నాను, అయినా బాగానే ఉన్నాను అంటుంది. ఆ ‘బాగానే ఉన్నాను’ అనేటప్పుడు గొంతు ఎలా ఉందో మీకు భాష అక్కర్లేకుండానే తెలిసింది. అందుకే కళ్లలో నీళ్లు.

ఆ తర్వాత ‘నౌ’ అనే పాట పెట్టమనండి మీ మనవడిని. 1982 ఏప్రిల్‌లో, వైద్యం కోసం న్యూయార్క్‌లో ఉంటూ మధ్యలో ఇంటికొచ్చినప్పుడు పాడింది. స్టూడియోలో ఆమె పాడిన ఆఖరి పాట. ఒంట్లో శక్తి లేని మనిషి పాడినట్టు ఎక్కడా ఉండదు.

రాత్రిపూట వింటున్నారు కాబట్టి సౌండ్ బాగా తగ్గించి, ఫోన్ దిండు పక్కన పెట్టుకోండి. కారెన్ గొంతు తక్కువ సౌండ్‌లోనే బాగా వినపడుతుంది.